ఓటీపీ ఎవరికొస్తే వారే నర్సు

నేను నర్సునని నాకు పోయిన ఆషాఢంలో తెలిసింది. అప్పటికి నా వయసు యాభై రెండు. పేరు తమ్మిశెట్టి ఏడుకొండలు. వినుకొండలో ఇరవై ఆరేళ్ళుగా టెంట్ హౌస్ నడుపుతున్నాను. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, పెళ్ళికొడుకు కూర్చునే ఎర్ర మఖమలు సింహాసనం అద్దెకిస్తాను. నాకు మీసం ఉంది. మీసం సంగతి ఇప్పుడెందుకంటే, తర్వాత అది నర్సుల మండలి వారి రికార్డుల్లోకి ఎక్కింది కాబట్టి ముందే చెప్పటం న్యాయమనిపించింది.

నర్సు కావాలంటే ఏళ్ళ తరబడి చదవాలని, ఆస్పత్రుల్లో కాళ్ళు వాచేదాకా నిలబడి పని నేర్చుకోవాలని జనం అనుకుంటారు. నాకంత శ్రమ కలగలేదు. నేను సిమ్ కార్డు కొన్నాను. నా పాత ఫోను ఒక పెళ్ళిలో సాంబారు గుండిగలో పడింది. ఎలాగూ కొత్తది కొనాలి కదా అని బస్టాండు దగ్గర కొట్టుకు వెళితే, కొట్టాయన చివర నాలుగు ఐదులున్న నంబరు చూపించాడు. టెంట్ హౌసు వాడికి జనం నోట్లో ఆడే నంబరు దొరకటం అదృష్టం. ఆ వారంలోనే వ్యాను మీద, నాలుగు వందల కుర్చీల వీపుల మీద ఆ నంబరు పెయింటు వేయించాను.

పెయింటు ఆరిందో లేదో మెసేజీలు మొదలయ్యాయి. "ప్రియమైన నర్సు దారా ఎస్తేరురాణి గారూ, రాష్ట్ర నర్సుల నమోదు మండలి వారి సజీవ పట్టికలో మీరు కొనసాగదలచినచో తగు చర్య గైకొనగలరు." రోజుకు మూడు పూటలా, మందుబిళ్ళ వేసుకున్నట్టు వచ్చేవి. నేను పట్టించుకోలేదు. మా ఆవిడ నాగేంద్రం పట్టించుకుంది.

"ఎవతయ్యా ఈ ఎస్తేరు?" అని అడిగింది.

"నాకేం తెలుసే? నన్నే ఎస్తేరంటన్నారు."

"నిన్నెందుకు అంటారు? చూస్తే తెలవటంలా?"

చూస్తే తెలుస్తుంది. కానీ చూసేవాడు అక్కడ ఎవడూ లేడని మాకు అప్పటికి తెలియదు. నాలుగో రోజు ఫోను మోగింది. రికార్డు చేసిన ఆడగొంతు. "మీరు జీవించి ఉన్నట్లయితే ఒకటి నొక్కండి. జీవించి లేనట్లయితే రెండు నొక్కండి." కాసేపు ఆలోచించాను. నాకు అబద్ధం ఆడే అలవాటు లేదు. ఒకటి నొక్కాను. మర్నాటికల్లా సజీవ పట్టికలో నా కొనసాగింపు ఖరారైందని అభినందన సందేశం వచ్చింది.

ఆ తర్వాత తరగతులు. ప్రతి నర్సూ నమోదు నిలబెట్టుకోవాలంటే ఏడాదికి ముప్ఫై గంటల పాఠాలు ఫోనులోనే వినాలట. హాజరు కానిచో నమోదు రద్దగును అని హెచ్చరిక. నేనేమీ సరదా కోసం విన్లేదు. ఎవరో ఆడకూతురు, ఏ ఊళ్ళో ఏ ఆస్పత్రిలో ఉందో, నేను గంటసేపు ఫోను ముందు కూర్చుంటే ఆమె ఉద్యోగం నిలబడుతుంది కదా అనుకున్నాను. పైగా ఆషాఢం. ఆ వెనకే ఆ ఏడు మూఢం కూడా వచ్చి పడింది. రెండు నెలల పాటు ముహూర్తాల్లేవు. టెంట్ హౌసు వాడికి అంతకు మించిన ఖాళీ ఉండదు. గోడౌనులో పెళ్ళికొడుకు సింహాసనం మీద కూర్చుని, ఎదురుగా గుండిగకు ఫోను ఆనించి, తరగతి పెట్టుకునేవాణ్ణి.

హాజరు కోసం పోర్టల్ ప్రతి పావుగంటకూ నా ఫొటో తీసేది. మొదటి రోజే నన్ను చూసి అనుమానపడింది. "పాత ఫొటోతో పోలిక సరిపోవుట లేదు. మీ రూపంలో మార్పు వచ్చినదా?" అని అడిగి రెండు గడులిచ్చింది. పాత ఫొటోలో రెండు జడల పిల్ల. ఇప్పుడు నేను. మార్పు రాలేదని ఎలా అంటాను? వచ్చినది అని నొక్కాను. పోర్టల్ సంతృప్తి చెందింది.

ఒక్కో తరగతి రెండు గంటలు. అందులో జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, వారి సేవలను కొనియాడటం, శాలువాలు కలిపి గంటా నలభై నిమిషాలు. మిగిలిన ఇరవై నిమిషాల్లో చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పేవారు. చివర పరీక్షలో ప్రశ్నలు మాత్రం గంటా నలభై నిమిషాల లోంచే వచ్చేవి. సభలూ శాలువాలూ నా వ్యాపారమే కాబట్టి నాకు నూటికి నూరు వచ్చాయి.

భాద్రపదంలో మస్కట్ నుంచి ఫోనొచ్చింది.

"అన్నయ్యా, నమస్తే అన్నయ్యా. నేను ఎస్తేరురాణిని. మీ దగ్గరున్న నంబరు నాదన్నయ్యా."

ఆమెది చిలకలూరిపేట. పదకొండేళ్ళుగా మస్కట్‌లో ఒక పెద్దాసుపత్రిలో, ప్రాణాల మీదికొచ్చిన వాళ్ళుండే వార్డులో పని చేస్తోంది. ఇక్కడి నంబరుకు కొన్నాళ్ళు రీఛార్జి చేయకపోయేసరికి కంపెనీ వాళ్ళు ఆపేసి, నాకు అమ్మారు. నంబరు మార్చమని ఏడాదిన్నరగా మండలికి మెయిళ్ళు పెడుతోంది. ప్రతి మెయిలుకూ ఒకటే జవాబు: మీ అభ్యర్థన అందినది, వివరములకు మీ నమోదిత నంబరుకు పంపిన సందేశం చూడగలరు. ఆ సందేశాలన్నీ గుండిగల మధ్య కూర్చుని నేను చూస్తున్నాను.

"ఈ నెలాఖరుకి నా లైసెన్సు అయిపోద్దన్నయ్యా. ఇక్కడోళ్ళు మన మండలి నుంచి మంచి నడవడి పత్రం తెమ్మంటన్నారు. అది లేకపోతే లైసెన్సు లేదు, లైసెన్సు లేకపోతే వీసా లేదు. మా అమ్మాయి ఇక్కడే పదో తరగతి. మధ్యలో తీసుకొచ్చి ఏ బళ్ళో వెయ్యను?"

 నేను మంచి చేస్తున్నాననుకుంటూ ఆమె కుర్చీలో కూర్చున్నానని అప్పుడు అర్థమైంది. "అమ్మా, నువ్వు రా. ఎన్ని ఓటీపీలు కావాలంటే అన్నీ చెప్తా," అన్నాను. ఆమె పన్నెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది.

మండలి ఆఫీసు నగరంలో నాలుగంతస్తుల మేడ. 'ఇది కాగితరహిత కార్యాలయం' అని ప్రతి తలుపు మీదా కాగితం అంటించి ఉంది. ఎస్తేరురాణి చేతిలో లావుపాటి ఫైలు. సూపరింటెండెంటు గోవర్ధనం గారు దాన్ని ఒక్కో పేజీ తిప్పి చూశారు. చదువు పత్రాలు, పదకొండేళ్ళ సర్వీసు పత్రాలు, పాస్‌పోర్టు, చివరగా మండలి వారే ఒకప్పుడు ఇచ్చిన నమోదు పత్రం. దాని దగ్గర ఆగి, అడుగున సంతకాన్ని వేలితో తడిమారు.

"ఈ సంతకం నాదే," అన్నారు ముచ్చటగా. "అప్పుడు సీనియర్ అసిస్టెంటుని. చూశారా, ఆ రోజుల్లో సంతకం ఎంత నిండుగా ఉండేదో."

"అయితే సార్, మీకు నమ్మకమే కదా?" అంది ఎస్తేరురాణి.

"నమ్మకానికేం తల్లీ. కానీ అది కాగితం మీద సంతకం. మనం కాగితరహితం అయ్యాం. నాటి సంతకాలు ఇకమీదట చేసిన వారికి కూడా చెల్లవు."

"పోనీ, ఈ ఫొటో చూడండి, నన్ను చూడండి. నేనే కదా?"

గోవర్ధనం గారు కళ్ళజోడు సవరించుకుని రెండింటినీ చూశారు. "మనిషిగా గుర్తుపట్టాను తల్లీ. సూపరింటెండెంటుగా గుర్తుపట్టలేకపోతున్నాను. నమోదిత నంబరు చెప్పండి."

ఆమె నంబరు చెప్పింది. ఆయన మీట నొక్కారు. నా జేబులో ఫోను టింగుమంది. నేను తీసి ఆరంకెలు చదివాను. గోవర్ధనం గారు కంప్యూటరు తెర వంక చూశారు, నా వంక చూశారు, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"రండి సిస్టర్, కూర్చోండి. ఎండన పడి వచ్చారు," అన్నారు నాతో.

నేను వెనక్కి తిరిగి చూశాను. వెనకెవరూ లేరు.

"అయ్యా, నేను టెంట్ హౌసోణ్ణండీ. నర్సమ్మ ఈవిడండీ," అన్నాను.

"నర్సు ఎవరన్నది నిర్ధారించవలసినది పోర్టల్, సిస్టర్. సర్క్యులర్ పద్నాలుగు-బి చాలా స్పష్టంగా ఉంది. ఓటీపీ ఎవరికి అందునో వారే నమోదిత నర్సుగా పరిగణింపబడుదురు. వ్యక్తులు మారుతూ ఉంటారు. దేశాలు పోతారు, లావవుతారు, ఇంటిపేర్లు మార్చుకుంటారు. నంబరు మారదు."

"సిమ్ము తీసి ఈమెకిచ్చేస్తానండి. వ్యానుకీ, కుర్చీలకీ మళ్ళా పెయింటు ఏయించుకుంటా. నాకేం బాధ లేదు."

గోవర్ధనం గారు నా చెయ్యి గబుక్కున పట్టుకున్నారు. "ఆ మాట ఇంకెక్కడా అనకండి. నమోదిత నర్సు తన నంబరును అన్యులకు అప్పగించుట వృత్తి ద్రోహం. ఐదేళ్ళు సస్పెన్షను."

"ఎవర్ని సస్పెండు చేస్తారండీ?"

"నర్సు దారా ఎస్తేరురాణిని."

 ఎస్తేరురాణి పద్ధతిగానే అడిగింది: మస్కట్‌లో పదకొండేళ్ళు రాత్రనక పగలనక చేసిన పని ఎక్కడా లెక్కలోకి రాదా అని.

"విదేశీ రోగి మీద సంపాదించిన అనుభవం దిగుమతి కిందికి వస్తుంది. దానికి మా పోర్టల్‌లో గడి లేదు," అన్నారు గోవర్ధనం గారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట అనేటప్పుడు ఆమె కోసం మంచినీళ్ళు తెప్పించారు. "కానీ మీరు నిరాశ పడవద్దు. మంచి నడవడి పత్రమే కదా కావలసింది? సిస్టర్ ముప్ఫై గంటలూ పూర్తి చేశారు. ఒక్క ఫిర్యాదు లేదు. ఇప్పుడే ఇచ్చేస్తాను."

నా నుంచి ఇంకో ఓటీపీ తీసుకుని నిజంగానే ఇచ్చేశారు. పేరు దారా ఎస్తేరురాణి. పుట్టిన తేదీ ఆమెది. చదువు ఆమెది. నడవడి ఉత్తమం. ఫొటోలో మాత్రం సింహాసనం మీద నేను, వెనక గుండిగలు, మీసంతో సహా. ఎస్తేరురాణి ఆశ చావక దాన్నే మస్కట్ పంపింది. సాయంత్రానికి జవాబొచ్చింది. ఈ పత్రంలోని పెద్దమనిషి మా ఆస్పత్రిలో ఎన్నడూ పని చేయలేదు, దయచేసి మీ ఫొటో ఉన్న పత్రం పంపండి, నెలాఖరు దాకా మీ స్థానం అట్టిపెడతాము అని మర్యాదగా రాశారు.

ఫొటో మార్చాలంటే గుర్తింపు నిర్ధారణ సంఘం కూర్చోవాలట. మూడో రోజున కూర్చుంది. ముగ్గురు సభ్యులు. వారిలో నర్సు ఎవరూ లేరు. నర్సుల విషయంలో నర్సులు పక్షపాతం చూపించే ప్రమాదం ఉంది కాబట్టి నిబంధనల్లోనే అలా రాసుకున్నారట. అధ్యక్షులు రిజిస్ట్రారు పద్మనాభం గారు. గుండ్రటి మనిషి, గుండ్రటి మాట. ఎదురుగా కుర్చీల్లో నేనూ ఎస్తేరురాణీ పక్కపక్కన కూర్చున్నాం.

"మీ ఇరువురిలో నర్సు ఎవరన్నది శాస్త్రీయంగా తేల్చదలచాము," అన్నారు పద్మనాభం గారు. "మొదటి ప్రశ్న. చేతుల పరిశుభ్రతపై తరగతిని జ్యోతి వెలిగించి ప్రారంభించినది ఎవరు?"

"తెలీదు సార్," అంది ఎస్తేరురాణి. "ఆ టైములో నేను డ్యూటీలో ఉన్నాను."

"తెలియదు," అని రాసుకున్నారు. నావైపు తిరిగారు. నాకు తెలుసు. పద్మనాభం గారే వెలిగించారు. మూడు అగ్గిపుల్లలు ఆరిపోయాక నాలుగోదానితో వెలిగింది కూడా గుర్తుంది. చెప్తే ఆమె కొంప మునుగుతుందని నోరు గట్టిగా మూసుకున్నాను.

"గమనించారా?" అన్నారాయన పక్క సభ్యులతో. "తెలిసి కూడా బయటపెట్టటం లేదు. రోగి రహస్యాలు కాపాడే వారి లక్షణం అది. రెండు మార్కులు వేయండి."

రెండో ప్రశ్న. రోగికి ఊపిరి అందుట లేదు, మొదట చేయవలసిన పని ఏది? ఎస్తేరురాణి కుర్చీలో ముందుకు జరిగింది. "గొంతులో ఏమన్నా అడ్డం పడిందేమో చూస్తాం సార్. మంచం తల వైపు ఎత్తుతాం. ఆక్సిజను పెడతాం. డాక్టర్ని కేకేస్తాం. ఇవన్నీ ఒకేసారి జరుగుతయ్యి సార్, ఒకదాని తర్వాత ఒకటి కాదు." చెప్తున్నంతసేపూ ఆమె చేతులు గాల్లో ఆ పని చేస్తూనే ఉన్నాయి. ఏమీ తెలియని నాకే, ఆస్పత్రిలో పడితే ఈ మనిషి చేతిలోనే పడాలనిపించింది.

పద్మనాభం గారు జవాబుల పట్టిక చూశారు. "తప్పు. సంఘటనను పోర్టల్‌లో నమోదు చేయుట."

"ఈలోపు మనిషి పోతాడు సార్!"

"పోయిన సమయం కూడా నమోదు చేయవచ్చు. దానికి గడి ఉంది," అన్నారాయన అనునయంగా. తర్వాత అదే ప్రశ్న నన్నడిగారు. ఈసారి చచ్చినా సరైన జవాబు చెప్పకూడదనుకుని, "కుర్చీ ఏసి కూర్చోబెడతానండి. నాకొచ్చింది అదే," అన్నాను.

"రోగిని కూర్చుండబెట్టుట. పాక్షికంగా సరైనది. ఒక మార్కు."

ఇక తట్టుకోలేక లేచి నిలబడ్డాను. "అయ్యా, మీకు దణ్ణం పెడతా. నేను నర్సుని కాదు. నా జన్మలో ఎవరికీ సూది వెయ్యలా. నెత్తురు చూస్తే నాకే కళ్ళు తిరుగుతయ్యి."

ముగ్గురూ ఒకరినొకరు జాలిగా చూసుకున్నారు. "పాపం, ఎక్కువ డ్యూటీలు చేసిన నర్సులందరూ ఇలాగే అంటారు," అన్నారు పద్మనాభం గారు. "వృత్తి విరక్తి మీద మూడు గంటల తరగతి పెడుతున్నాం సిస్టర్. మీకు లింకు వస్తుంది."

తీర్పు నాకే అనుకూలంగా వచ్చింది. అంతటితో అయిపోలేదు. ఆ ఏడాది రాష్ట్రం మొత్తం మీద ముప్ఫై గంటలూ ఒక్క నిమిషం తప్పకుండా విన్నది నేనొక్కణ్ణేనట. మిగతా వేలమంది నర్సులకు ఖాళీ దొరకలేదు, వాళ్ళు ఆస్పత్రుల్లో ఉన్నారు. అందుచేత మండలి వారి మొట్టమొదటి 'సంపూర్ణ డిజిటల్ నర్సు' పురస్కారం నాకు ప్రకటించారు. గురువారం సభ.

ఎస్తేరురాణి పద్మనాభం గారి గది ముందు రోజంతా నిలబడింది. సాయంత్రం ఆయన బయటికొచ్చి ఆమె గోడు విన్నారు. నిజంగానే విన్నారు. "నాకు ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉంది. ఒక్క వాక్యం. ఫొటో మార్చవలెను అని రాసి సంతకం పెడితే అయిపోతుంది."

"పెట్టండి సార్, మీ కాళ్ళు మొక్కుతా. ఇంకా ఎనిమిది రోజులే ఉంది."

"సభ కానివ్వమ్మా. పురస్కారం అందుకునే దాకా గ్రహీత ముఖం మార్చకూడదు. ఫ్లెక్సీలు ప్రింటుకు వెళ్ళాయి. శుక్రవారం ఉదయం రా. సంతకం పెడతాను."

ఆ మాటతో ఆమె ప్రాణం కుదుటపడింది. మస్కట్‌కు ఫోను చేసి కూతురితో, "శుక్రవారం అయిపోద్దిరా, బుద్ధిగా చదువుకో," అని చెప్పింది. అలా చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కళ చూసి నాకూ సంతోషం కలిగింది. సభకు షామియానా, కుర్చీలు కూడా నన్నే వేయమన్నారు. నాకు జరిగే సన్మానానికి బుధవారం పొద్దున్నే వ్యాను తెచ్చి, గుంజలు పాతి, నేనే పందిరి వేసుకున్నాను.

సభ ఘనంగా జరిగింది. వేదిక మీద ఏడుగురు పెద్దలు. టిఫిను వేదిక మీదికే తెచ్చారు. జ్యోతి వెలిగించారు, ఈసారి రెండో పుల్లకే వెలిగింది. నన్ను నా సింహాసనం మీదే కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఎస్తేరురాణి చివరి వరసలో కూర్చుని, పాపం, చప్పట్లు కూడా కొట్టింది. పద్మనాభం గారు ఒక చేత్తో మైకు, ఒక చేత్తో బూరె పట్టుకుని మాట్లాడుతున్నారు. "ఈ రోజు మన మండలి ప్రపంచానికి చాటి చెప్పేదేమిటంటే, రోగికీ నర్సుకూ మధ్య ఇక ఏ అడ్డమూ…" అని ఆగిపోయారు. సగం కొరికిన బూరె గొంతుకు అడ్డం పడింది.

మొదట జనం ఆయన భావోద్వేగానికి లోనయ్యారనుకున్నారు. తర్వాత ముఖం వంకాయ రంగుకు తిరిగింది. రెండు చేతులతో గొంతు పట్టుకున్నారు. వేదిక మీద పెద్దలంతా లేచి నావైపు తిరిగారు.

"సిస్టర్! చూడండి సిస్టర్! త్వరగా సిస్టర్!"

నేను గుడ్లప్పగించి నిలబడిపోయాను. ఊపిరాడకపోవటం మీద తరగతి నేను విన్నాను. దాన్ని ఎవరు ప్రారంభించారో, వారికి ఎవరు శాలువా కప్పారో అంతా గుర్తుంది. ఏం చేయాలో చెప్పిన ఇరవై నిమిషాలూ ఫోనులో బొమ్మ కదిలిందే తప్ప మాట వినపడలేదు. గోవర్ధనం గారు ఫోను తీసి పోర్టల్ తెరుస్తున్నారు. చక్రం తిరుగుతోంది.

చివరి వరస నుంచి ఎస్తేరురాణి పరుగెత్తుకొచ్చింది. కుర్చీలు రెండు తిరగబడ్డాయి. వేదిక ఎక్కి, రిజిస్ట్రారు గారిని వెనక నుంచి రెండు చేతులా వాటేసుకుని, పిడికిలి పొట్ట మీద ఆనించి ఒక్క కుదుపు కుదిపింది. రెండు. మూడో కుదుపుకు బూరె ముక్క ఎగిరి వచ్చి నా పురస్కారం పలక మీద పడింది. పద్మనాభం గారు గట్టిగా ఊపిరి పీల్చారు. ఆ చప్పుడు మైకులో సభంతా వినిపించింది. ఎస్తేరురాణి ఆయన్ను మెల్లగా కూర్చోబెట్టి, వీపు నిమురుతూ, "ఏం కాలేదు సార్. నిదానంగా పీల్చండి. అయిపోయింది," అంది.

నేను ఏడ్చేశాను. నా పక్కన నిలబడ్డ గోవర్ధనం గారి కళ్ళల్లో కూడా నీళ్ళు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పెట్టుకున్నాక సూపరింటెండెంటు అయ్యారు.

"అమ్మా, మీకు నమోదు ఉందా?" అన్నారు.

ఆమె నవ్విందనుకుంటాను. హాస్యమాడుతున్నారనుకుంది. ఆయన జేబులోంచి కాగితం తీశారు. కాగితరహిత కార్యాలయం వారి చేతిలో నేను చూసిన మొదటి తెల్లకాగితం అదే. "సభాముఖంగా, రెండు వందల మంది సాక్షుల ఎదుట, నమోదు లేని వ్యక్తి వైద్య ప్రక్రియ జరిపారు. చూసి కూడా ఊరుకుంటే నా ఉద్యోగం పోతుంది. పేరు చెప్పండి. ప్రస్తుతం వాడుతున్న నంబరు చెప్పండి. ఇటు తిరగండి, ఫొటో."

ఆమె అలవాటుకొద్దీ తడుముకోకుండా చెప్పింది. పదకొండేళ్ళుగా షిఫ్టు మారినప్పుడల్లా వివరాలన్నీ తప్పు లేకుండా అప్పగించే మనిషి. పద్మనాభం గారు మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, మైకు మళ్ళీ అందుకున్నారు. ఆపద సమయంలో నేను వెనక్కి తగ్గి ఇతరులకు అవకాశమిచ్చానని నా నాయకత్వాన్ని మెచ్చుకున్నారు. చప్పట్లు మోగాయి.

శుక్రవారం ఉదయం ఇద్దరం ఆయన గదికి వెళ్ళాం. ఆయన లేచి ఎదురొచ్చి ఎస్తేరురాణికి రెండు చేతులూ జోడించారు.

"తల్లీ, నువ్వు లేకపోతే ఈ పాటికి నా ఫొటోకు దండ వేసేవారు. రాత్రి మా ఇంట్లో అందరూ నిన్నే తలుచుకున్నారు."

"దాందేముంది సార్. ఆ సంతకం…"

ఆయన కూర్చుని, బల్ల మీద ఉన్న పెన్ను తీసి సొరుగులో పెట్టారు. "అనర్హ చికిత్సకుల జాబితాలో ఉన్నవారి విషయంలో ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చే అధికారం నాకు లేదమ్మా. రాత్రే నీ పేరు ఆ జాబితాలోకి ఎక్కింది. నేను చాలా బాధపడ్డాను."

"తీసెయ్యండి సార్ మరి. మీకు తెలుసు కదా, ఎందుకు చేశానో."

"నాకు తెలుసు. కానీ నేను రోగిని. రోగి సాక్ష్యం చెల్లదు."

"మీకు మనసనేది ఉందాండీ?" అని అరిచాను నేను. నా జీవితంలో ఆఫీసరు మీద అరవటం అదే మొదలు. ఆయన నొచ్చుకోలేదు. "సిస్టర్, మీకు విశ్రాంతి అవసరం," అన్నారు.

 ఎస్తేరురాణి ఫైలు సర్దుకుని బయటికి నడిచింది. వరండాలో బల్ల మీద కూర్చుని మస్కట్‌కు ఫోను చేసింది. ఆస్పత్రి వాళ్ళు అప్పటికే మండలి వారి జాబితా చూశారట. స్థానం ఇంకొకరికి ఇచ్చామని, చాలా విచారిస్తున్నామని, పదకొండేళ్ళ సేవకు కృతజ్ఞతలని చెప్పారట. తర్వాత కూతురికి చేసింది. అటు నుంచి ఏడుపు నాకు కూడా వినిపించింది. "సామాన్లు సర్దుకో తల్లీ. పుస్తకాలు మాత్రం ఏదీ మర్చిపోవాక," అని చెప్పి పెట్టేసింది.

నేను ఆమె ముందు నిలబడ్డాను. నా చంకలో శాలువా, పురస్కారం పలక. వాటిని ఎక్కడన్నా దాచేద్దామంటే వరండాలో చోటు లేదు. "నా వల్లే తల్లీ. నేను ఆ ఫోను ఎత్తకుండా ఉంటే పోయేది," అన్నాను.

"మీరు మంచికే చేశారన్నయ్యా," అంది.

గేటు దగ్గర గోడకు ఆ జాబితా అంటించి ఉంది. జనాన్ని హెచ్చరించాలి కాబట్టి దాన్ని మాత్రం కాగితం మీద వేస్తారట, పెద్దక్షరాలతో, రంగు ఫొటోలతో, మండలి ముద్రతో. 'ఈ క్రింది వ్యక్తులు నర్సులు కారు. వీరిని నమ్మవద్దు.' ఏడో వరస దగ్గర ఎస్తేరురాణి ఆగింది. దారా ఎస్తేరురాణి. తండ్రి పేరు సరిగ్గా ఉంది. ఊరు సరిగ్గా ఉంది. మస్కట్ నంబరు ఒక్క అంకె పొల్లు పోకుండా ఉంది. ఫొటోలో ఆమే, నిన్న వేదిక మీద తీసింది, జుట్టు చెదిరి, నుదుటి మీద చెమటతో.

ఆమె చాలాసేపు చూసింది. వేలితో తన పేరును ఒకసారి తడిమింది.

"మొత్తానికి నన్ను గుర్తుపట్టారన్నయ్యా," అంది.